తర్వాతి టీచరుకి సూచనలు

"గోడకి చెప్పినట్టు చెప్పి ఉంటారు. అందుకే ఆయనకి రాలేదు."

ఎర్ర సిరాతో, గుండ్రటి అక్షరాలతో, అచ్చ తెలుగులో రాసి ఉంది.

ఫైలు మూశాను. మళ్ళీ తెరిచాను. అక్కడే ఉంది. ఈ దేశం వచ్చి ఆరు నెలలైంది. బస్సు మీద గాని, గోడ మీద గాని, మందు సీసా మీద గాని ఒక్క తెలుగు అక్షరం చూసిన పాపాన పోలేదు. మొదటిసారి కనిపించడమే నన్ను తిడుతూ కనిపించింది. కోపం రావాల్సింది పోయి, ఆ వాక్యాన్నే మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను.

ముందు ఈ ఫైలు సంగతి చెప్పాలి. నేను పనిచేసేది ఒక ప్రైవేటు ఇంగ్లిష్ స్కూల్లో. స్కూలంటే బెంచీలూ నల్లబల్లా అనుకునేరు. రైల్వే స్టేషన్ ఎదురుగా నాలుగో అంతస్తులో పన్నెండు గాజు గదులు. ఒక్కో గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు. ఒక టీచరు, ఒక స్టూడెంటు, నలభై నిమిషాలు. బెల్లు కొట్టగానే ఒకరు లేస్తారు, ఇంకొకరు కూర్చుంటారు. మంగలి షాపులో కుర్చీకీ నా ఉద్యోగానికీ పెద్ద తేడా లేదు.

ప్రతి స్టూడెంటుకీ ఒక పసుపు రంగు ఫైలు ఉంటుంది. పాఠం అయ్యాక ఏం చెప్పామో రాసి, చివరి గడిలో 'తర్వాతి టీచరుకి సూచనలు' నింపాలి. ఎందుకంటే స్టూడెంటు ఈసారి నా దగ్గర కూర్చుంటే, వచ్చేసారి ఇంకొకరి దగ్గర కూర్చోవచ్చు. ఊరికి ఆ చివర ఉన్న రెండో బ్రాంచికి కూడా వెళ్ళొచ్చు. అక్కడ క్లాసున్న వాళ్ళ ఫైళ్ళు మాత్రం శుక్రవారం సాయంత్రం సంచీలో వేసుకుని ఆఫీసు వ్యాను వాడు తీసుకెళ్తాడు, సోమవారం తిరిగి తెస్తాడు. మిగతా రోజులు అవి మేనేజరమ్మ అలమారులో తాళంలో ఉంటాయి. క్లాసుకి ఐదు నిమిషాల ముందు గాని మా చేతికి రావు.

ఇందులో ఇంకో తమాషా ఉంది. టీచర్లకి పేర్లుండవు, నంబర్లే. వెనకెప్పుడో రెండు బ్రాంచీల టీచర్లిద్దరు స్నేహం చేసుకుని, నలభై మంది స్టూడెంట్లని వెంటేసుకుపోయి ఎదురు వీధిలోనే స్కూలు పెట్టారట. అప్పటి నుంచి కాంట్రాక్టులో ఒక వాక్యం చేరింది: ఒక బ్రాంచి టీచరు ఇంకో బ్రాంచి టీచరుతో ఎలాంటి పరిచయమూ పెట్టుకోరాదు. అలా నేను పధ్నాలుగో నంబరునయ్యాను. ఎర్ర సిరా రాసిన మనిషి కింద సంతకం పెట్టాల్సిన చోట 31 అని వేసి ఉంది.

ఇక నేను చేసిన నేరం. బుధవారం సాయంత్రం ఆఖరి క్లాసు నాకు ఒక పెద్దాయనతో ఉండేది. శనివారాలు ఆయన రెండో బ్రాంచిలో నేర్చుకునేవాడు. నలభై ఏళ్ళు లిఫ్టులు బాగుచేసి రిటైరైన మనిషి. కూతురు ఎక్కడో దూరదేశంలో ఉంది, నాలుగేళ్ళ మనవడికి ఇంగ్లిష్ తప్ప ఇంకేదీ రాదు. వాడితో నాలుగు మాటలు మాట్లాడాలని ఈయన ఫీజు కట్టి నేర్చుకుంటున్నాడు. నేనేమడిగినా "యెస్" అనేవాడు. "వాట్ డిడ్ యూ డూ ఆన్ సండే?" అంటే "యెస్". నాలుగు వారాలు ఇదే వరస. ఒక రోజు విసుగొచ్చి, ఎవడికర్థమవుతుందిలే అని, సూచనల గడిలో తెలుగులో రాసేశాను: "చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. గోడకి చెప్పినా ఈపాటికి వచ్చేది."

దానికి వచ్చిన జవాబే ఇది. కింద ఇంకా ఉంది.

"ఆయనకి కుడి చెవి వినపడదు. మోటార్ల పక్కన పనిచేసిన మనిషి. ఎడమ వైపుకి కుర్చీ జరుపుకుని చెప్పి చూడండి."

నాకు తల కొట్టేసినట్టయింది. కుర్చీ జరిపాను. "వాట్ డిడ్ యూ డూ ఆన్ సండే?" అన్నాను. లిఫ్టాయన నా వైపు తిరిగి, ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందా అన్నట్టు చూసి, "ఐ వాష్ మై కర్టెన్స్. ఫోర్ కర్టెన్స్," అన్నాడు.

ఆ రోజు సూచనల గడిలో ఇలా రాశాను: "మాస్టారికి నమస్కారం. తప్పయింది. నాలుగు కర్టెన్లు ఉతికారట."

మాస్టారు అని ఎందుకన్నానంటే, ఆ తిట్టిన తీరు అలా ఉంది. అరవై ఏళ్ళ హెడ్మాస్టరు, మెడలో మఫ్లరు, జేబులో రెండు పెన్నులు. నా మనసులో బొమ్మ స్థిరపడిపోయింది.

తర్వాతి బుధవారం జవాబు: "మాస్టారు క్షమించారు. ఇంకోసారి ఇలా జరిగితే బెంచీ ఎక్కించబడును."

గాజు గదిలో ఒక్కణ్ణే పకపకా నవ్వాను. పక్క గది టీచరు తల తిప్పి చూసింది. ఆ దేశంలో నేను నవ్వడం ఎవరైనా చూడటం అదే మొదలనుకుంటాను.

*

ఒంటరితనం అంటే మాట్లాడేవాళ్ళు లేకపోవడం అనుకుంటారు చాలామంది. నా విషయంలో అలా కాదు. రోజుకి ఎనిమిది గంటలు మాట్లాడేవాణ్ణి. ఎవరి వారాంతం ఎలా గడిచింది, ఎవరికే రంగు ఇష్టం, ఎవరింట్లో ఎంతమంది, అన్నీ అడిగేవాణ్ణి. నలభై నిమిషాలు నా కళ్ళలోకే చూస్తూ మాట్లాడిన మనిషి, బెల్లు కొట్టగానే నా చొక్కా రంగు కూడా మర్చిపోయి వెళ్ళిపోయేవాడు. మళ్ళీ వీధిలో ఎదురైతే తల వంచి పలకరించి, అడుగు వేగం పెంచేవాడు. నేను ఇంగ్లిష్‌లో ఏమడుగుతానోనని వాడి భయం.

ఉండేది ఒక లాండ్రీ షాపు మీద గది. మంచం, స్టవ్వు, ఒక కిటికీ. కింద మిషన్లు ఆడినంతసేపూ నా పళ్ళెం అరమీద సన్నగా వణుకుతూ ఉండేది. ఆదివారాలు షాపు మూసేవాళ్ళు. ఆ నిశ్శబ్దం భరించలేక పొద్దున్నే లేచి ఎక్కడికో ఒక చోటికి నడిచేవాణ్ణి. సాయంత్రం గదికొచ్చాక లెక్కవేసుకుంటే, ఆ రోజంతా నోరు విప్పింది బస్సు టిక్కెట్టు కోసమే అని తేలేది.

అక్క ఫోన్ చేసేది. "ఒరేయ్, అక్కడ మాట్లాడుకోవడానికి ఎవరైనా ఉన్నార్రా?"

"బోలెడంత మంది. నోరు నొప్పి పుడుతోంది."

"అబద్ధమాడకు. నీ గొంతే చెప్తోంది."

"నెట్‌వర్క్ బాలేదే అక్కా," అనేవాణ్ణి.

అలాంటి మనిషికి వారానికో ఎర్ర సిరా గడి దొరికింది. ఇక ఆగుతానా? గడి నిండిపోతే పక్కన అంచులో రాసేవాణ్ణి, అంచు నిండితే కాగితం తిప్పి నిలువుగా రాసేవాణ్ణి. లిఫ్టాయన పురోగతి గురించి ఒక వాక్యం, నా గోల గురించి తొమ్మిది వాక్యాలు. పళ్ళెం వణకడం గురించి రాస్తే, "కింద గుడ్డ పరవండి, ఆ మాత్రం తెలివి లేదా?" అని వచ్చింది. జ్వరమొచ్చి ఒక బుధవారం వణుకుతూనే పాఠం చెప్పానని రాస్తే, "సెలవు పెడితే స్కూలు మునిగిపోతుందా? మందు వేసుకున్నారా? వేసుకున్నానని అబద్ధం రాయకండి," అని వచ్చింది. ఆ చివరి మాట రెండు సార్లు చదువుకుని, అప్పుడు వెళ్ళి మందు కొనుక్కున్నాను.

ఒకసారి మేనేజరమ్మ పట్టుకుంది. ఫైలు నా ముందు పెట్టి, కళ్ళజోడు సవరించుకుని, "వాట్ ఈజ్ దిస్?" అంది.

"ఫొనెటిక్స్ మేడమ్," అన్నాను ఠక్కున. "స్టూడెంట్ నోట్లో శబ్దాలు ఎక్కడెక్కడ తప్పుతున్నాయో రాసే పద్ధతి."

ఆవిడ ఆ గుండ్రటి అక్షరాలు కాసేపు చూసింది. తర్వాతి వారం మీటింగులో, అందరు టీచర్లూ పధ్నాలుగో నంబరులా శ్రద్ధగా సూచనలు రాయాలని చెప్పింది. ఈ సంగతి రాస్తే, 31 నుంచి వచ్చిన జవాబులో మాటలేవీ లేవు. గడి నిండా "హహహహ" అని ఉంది. హెడ్మాస్టరు ఇంతలా నవ్వుతాడా అని నాకు చిన్న అనుమానం వచ్చింది గాని, పట్టించుకోలేదు.

పట్టించుకోవాల్సింది. ఎందుకంటే ఆ ఊపులో నేనిలా రాశాను: "మాస్టారూ, అక్క సంబంధాలు చూస్తానని పోరు పెడుతోంది. పెద్దవారు, సంసారం చేసినవారు. ఎలాంటి అమ్మాయిని చేసుకోవాలో చెప్పండి."

జవాబు: "నాయనా, వంట రాకపోయినా ఫర్వాలేదు. నీ జోకులకి నవ్వే ఓపిక ఉందో లేదో చూసుకో. ఆ ఓపిక అందరికీ ఉండదు."

అదే రోజు లిఫ్టాయనకి మనుషుల వర్ణన పాఠం. మీ శనివారం టీచరు ఎలా ఉంటారో చెప్పమన్నాను. పాఠం కోసమే అడిగాను, ఒట్టు.

ఆయన ఆలోచించి, వీపు మీద చెయ్యి పెట్టి నడుము దాకా లాగి చూపించాడు. "లాంగ్ హెయిర్. హియర్. యంగ్ లేడీ. ఎవ్రీ డే పెన్ ఫాల్ డౌన్."

నా చేతిలో పెన్ను కూడా ఫాల్ డౌన్ అయింది.

ఆ వారం సూచనల గడి ముందు పది నిమిషాలు కూర్చుని, చివరికి ఒకే ఒక్క వాక్యం రాయగలిగాను: "మాస్టారూ, మీకు నడుము దాకా జడ ఉందట?"

"ఉంది. ఉద్యోగంలో చేరక ముందు నుంచీ ఉంది. మీరే అడగలేదు."

*

ఫోన్ నంబరు రాసుకోవచ్చుగా అని మీరడగొచ్చు. నిజం చెప్పొద్దూ, నాకు ధైర్యం చాల్లేదు. నంబరిచ్చాక ఆవిడ ఫోన్ చెయ్యకపోతే? ఫైలుతో ఆ బాధ లేదు. అది శుక్రవారం వెళ్తుంది, బుధవారానికి నా చేతికొస్తుంది. నా వారం అంతా ఆ రెండు రోజుల చుట్టూ తిరిగేది. మాస్టారు కాదని తెలిసిన దగ్గర్నుంచి నేను రాసే అక్షరాలు కూడా మారిపోయాయి. కొట్టివేతలు లేకుండా రాయాలని ముందు వేరే కాగితం మీద రాసి, తర్వాత ఎక్కించేవాణ్ణి. ఆవిడ మాత్రం ఎప్పట్లాగే కొట్టివేతలతోనే రాసేది. "ఈ ఆదివారం అద్దంలో చూసుకుని నాతో నేనే తెలుగులో మాట్లాడుకున్నాను" అని రాసి, అడ్డంగా గీత కొట్టేసింది ఒకసారి. గీత కింద అక్షరాలు బాగానే కనిపిస్తున్నాయి. నేను చదవనట్టు ఊరుకున్నాను.

అప్పుడే రెన్యువల్ ఫారం వచ్చింది. ఏడాది కాంట్రాక్టు అయిపోవస్తోంది. రెండు గళ్ళు: ఉంటాను, వెళ్తాను. ఒకదాంట్లో టిక్కు పెట్టి నెలాఖరుకల్లా ఇవ్వాలి. రెండు నెలల ముందు వచ్చి ఉంటే కళ్ళు మూసుకుని 'వెళ్తాను' అనేవాణ్ణి. ఇప్పుడు ఆ కాగితం రోజూ బల్ల మీద పెట్టుకుని చూస్తున్నాను. నాకు తెలియాల్సింది ఒక్కటే. ఆవిడకి నేను ఫైల్లో కాలక్షేపమా, ఇంకేమైనానా? అది రాసి అడిగేది కాదు. ఎదురుగా చూసి అడగాలి.

ఆ బుధవారం రాశాను: "ఈ ఆదివారం పదకొండింటికి పెద్ద లైబ్రరీ మెట్ల దగ్గర ఉంటాను. కాంట్రాక్టు సంగతి నాకూ తెలుసు. అయినా రండి. ఒక విషయం అడగాలి."

ఆదివారం పదిన్నరకే వెళ్ళి నిలబడ్డాను. పదకొండుకి వాన మొదలైంది. సన్నగా, ఓపిగ్గా, ఆగే ఉద్దేశం లేని వాన. గొడుగుల కింద మొహాలు కనిపించక, మెట్లెక్కే ప్రతి ఆడమనిషి వీపూ చూడాల్సి వచ్చింది. జడ ఉందా లేదా అని. ఒకావిడ నన్ను అనుమానంగా చూసి బ్యాగు గట్టిగా పట్టుకుంది. పన్నెండయింది. బస్సు ఆలస్యమేమో అనుకున్నాను. ఒంటిగంటయింది. దారి తప్పిందేమో అనుకున్నాను. ఏడాది పైగా ఈ ఊళ్ళో ఉన్నానని తనే రాసింది, లైబ్రరీకి దారి తప్పుతుందా? రెండింటికి బూట్లలో నీళ్ళు చప్పుడు చేస్తుండగా గదికి నడిచొచ్చాను. కింద షాపు మూసి ఉంది. పళ్ళెం కదలడం లేదు.

నేను అసలే అభిమానస్తుణ్ణి. రాకపోతే రాకపోయె, నాలుగు నెలలు ఎందుకు నవ్వించినట్టు? సోమవారం పొద్దున్నే ఫారంలో 'వెళ్తాను' గడిలో, కాగితం చిరిగేలా టిక్కు పెట్టి మేనేజరమ్మ ట్రేలో పడేశాను.

బుధవారం లిఫ్టాయన ఫైలు చేతికొచ్చింది. తెరవకూడదనుకున్నాను. తెరిచాను. ఎర్ర సిరా లేదు. నా నీలం అక్షరాలే చివర ఉన్నాయి. శనివారం తేదీతో అసలు వరసే లేదు.

"సార్," అన్నాను ఆయన ఎడమ చెవి దగ్గర, "సాటర్డే... నో క్లాస్?"

"నో క్లాస్. వీసా ఆఫీస్." ఆయన మొహం వెలిగిపోతోంది. కూతురికి రెండో కాన్పు నెల ముందే అయిందట. పాప పుట్టిందట. ఆదివారం విమానం. ఇదే ఆఖరి పాఠం.

నాకు విషయం మెల్లగా ఎక్కింది. ఆయనకి శనివారం క్లాసు లేదు. క్లాసు లేకపోతే ఫైలు సంచీలో పడదు. నేను రాసిన ఉత్తరం వారమంతా ఇక్కడే, నాకు పది అడుగుల దూరంలో, అలమారులో తాళం వేసి ఉంది. ఆవిడ దాన్ని చూడనే లేదు. నాలుగు నెలలుగా ఆ సంచీ మీదే బతుకుతున్న నాకు, అది వెళ్ళకపోవచ్చన్న ఊహే రాలేదు.

పాఠం ఏం చెప్పానో తెలియదు. బెల్లు కొట్టాక లిఫ్టాయన లేచి, నా చెయ్యి పట్టుకుని, తనకొచ్చిన ఇంగ్లిష్ అంతా కూడగట్టుకుని చెప్పాడు. "సాటర్డే టీచర్. ఫస్ట్, షీ రీడ్ యువర్ రైటింగ్. స్టాండింగ్. షీ లాఫ్. సమ్ టైమ్, నాట్ లాఫ్. దెన్ షీ సే గుడ్ మార్నింగ్ టు మీ."

ఆయన వెళ్ళగానే మేనేజరమ్మ ఫైలు తీసుకుని, మొదటి పేజీ మీద ముద్ర కొట్టింది. క్లోజ్డ్.

ఆవిడ వెంట పరుగెత్తాను. "మేడమ్, నా రెన్యువల్ ఫారం ఒకసారి వెనక్కిస్తారా?"

"మంగళవారం హెడ్డాఫీసు సంచీలో వెళ్ళిపోయింది," అంది ఆవిడ ఇంగ్లిష్‌లో. "ఏం?"

వెళ్ళాల్సిన ఫైలు వెళ్ళలేదు. వెళ్ళకూడని ఫారం మాత్రం ఠంచనుగా వెళ్ళింది. ఇక నాకు మిగిలింది ఆరు వారాలు.

*

మర్నాడంతా కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ఆ గురువారం సాయంత్రం స్టేషన్లో మా స్కూలు ప్రకటన కనబడింది. రోజూ చూసేదే. 'మొదటి పాఠం ఉచితం. టీచరుని మీరే ఎంచుకోండి.'

అక్కడే నిలబడి రెండో బ్రాంచికి ఫోన్ చేశాను. గొంతు మార్చి, ఉన్న ఇంగ్లిష్ అంతా మింగేసి, "ఐ... వాంట్... ట్రయల్," అన్నాను. ఎనిమిదేళ్ళుగా ఇంగ్లిష్ చెప్పి బతుకుతున్న నోటితో అలా మాట్లాడటం అంత తేలిక కాదు.

ఏ టీచరు కావాలి అని అడిగింది రిసెప్షన్ అమ్మాయి.

"థర్టీ వన్."

శనివారం పదకొండూ ఇరవైకి ఒక స్టూడెంట్ మానేశాడు, ఆ టైము ఖాళీగా ఉంది, ఫర్వాలేదా అంది. ఆ మానేసిన స్టూడెంటెవరో నాకు తెలుసు. పది నెలల్లో మొదటిసారి సెలవు పెట్టాను.

అక్కడా అవే గాజు గదులు. ఆరో గదిలో ఆవిడ తల వంచుకుని కొత్త పసుపు ఫైలు విప్పుతోంది. నేను ఊహించుకున్న మనిషికి కళ్ళజోడు లేదు, వేళ్ళకి ఎర్ర సిరా మరకలు లేవు, స్వెటరు చేతులు అరచేతుల దాకా లాక్కోవడం లేదు. వీటన్నిటితో ఉన్న మనిషి, ఊహించుకున్న మనిషిని రెండు క్షణాల్లో నా బుర్రలోంచి గెంటేసింది.

"గుడ్ మార్నింగ్, ప్లీజ్ సిట్ డౌన్," అంది తలెత్తకుండా. గొంతులో ఉత్సాహం లేదు. "వాట్ ఈజ్ యువర్ నేమ్?"

"ఫోర్టీన్."

"నాట్ ఏజ్," అంది చిన్నపిల్లలకి చెప్పినట్టు, ఓపిగ్గా. "నేమ్. నేమ్."

"నేమ్ ఓన్లీ. ఫోర్టీన్. స్టేషన్ బ్రాంచ్."

పెన్ను కింద పడింది. ఆవిడ తలెత్తి చూసింది. చూస్తూనే ఉంది. పెన్ను దొర్లుకుంటూ నా కాలి దాకా వచ్చింది, ఇద్దరం వంగలేదు. పెదవులు తెరిచి ఏదో అనబోయింది. సరిగ్గా అప్పుడే గాజు అవతల అక్కడి మేనేజరు, నా మేనేజరమ్మకి తమ్ముడిలాంటి మనిషి, మెల్లగా నడుచుకుంటూ వచ్చి ఆగాడు. గది తలుపు నియమం ప్రకారం తెరిచే ఉంటుంది. గదిలో ఇంగ్లిష్ తప్ప ఇంకో భాష వినపడకూడదు.

ఆవిడ ఇంకో పెన్ను తీసుకుంది. ఫారంలో రెండో ప్రశ్న చదివింది.

"వై డూ యూ వాంట్ టు లెర్న్ ఇంగ్లిష్?"

"బికాజ్," అన్నాను, "ఐ హావ్ ఓన్లీ వన్ పర్సన్ టు టాక్ టు ఇన్ మై లాంగ్వేజ్. అండ్ హర్ ఫైల్ ఈజ్ క్లోజ్డ్."

మేనేజరు కదల్లేదు. మొదటి పాఠానికి వచ్చినవాడు ఇంత బాగా మాట్లాడుతున్నాడేమిటా అని కనుబొమలు ముడిచాడు. ఆవిడ ముక్కు ఎగబీల్చి, గబగబా మూడో ప్రశ్న చదివింది.

"హౌ లాంగ్ విల్ యూ స్టే ఇన్ దిస్ కంట్రీ?"

అన్ని ప్రశ్నల్లో అదే రావాలా? అబద్ధం చెప్పలేకపోయాను.

"సిక్స్ వీక్స్."

ఆవిడ మొహంలో వెలుగు తీసేసినట్టు పోయింది. ఫైలు దగ్గరికి లాక్కుని, చివరి గడిలో రాసి, నా వైపు తిప్పింది. నాలుగు నెలలు ఎదురుచూసిన మనుషులం మూడడుగుల దూరంలో ఎదురెదురుగా కూర్చుని, మళ్ళీ రాసుకోవడమే.

"ఆరు వారాలేమిటి?"

పెన్ను తీసుకుని రాశాను. వెనకటి ఆదివారం లైబ్రరీకి రమ్మని రాయడం, ఫైలు రాకపోవడం, వాన, ఫారం, అన్నీ. ఆవిడ తలకిందులుగానే చదువుకుంటూ వచ్చింది. నేను ఆపగానే లాక్కుంది.

"మూడు గంటలు నిలబడ్డారా?"

"మూడున్నర."

"నేను రాను అని ఎలా అనుకున్నారు? నేను?"

ఆ 'నేను' కింద రెండు గీతలు గీసింది. కాగితం మీద ఒక చుక్క పడి ఎర్ర సిరా పాకింది. మేనేజరు గాజు మీద వేలితో తట్టి, అంతా బాగానే ఉందా అన్నట్టు చూశాడు.

"ఫొనెటిక్స్ సర్," అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ. "వెరీ డిఫికల్ట్ స్టూడెంట్."

బెల్లు కొట్టింది.

*

పన్నెండింటికి ఆవిడకి భోజన విరామం. వీధి చివర తాళాలు చేసే కొట్టు పక్కన నిలబడ్డాను. ఆవిడ వచ్చింది. ఇప్పుడు గాజు లేదు, మేనేజరు లేడు, ఇంగ్లిష్ లేదు.

"మాట్లాడండి," అంది.

"ఏం మాట్లాడను?"

"ఏదైనా సరే. తిట్టినా సరే. ఇక్కడికొచ్చి ఏడాదిన్నరయింది. ఎదురుగా నిలబడి నాతో తెలుగులో మాట్లాడిన మొదటి మనిషి మీరు."

"మాస్టారూ, మీరు చాలా చిన్నవారు," అన్నాను.

నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. తాళాల కొట్టాయన పని ఆపి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. అడగాలనుకున్నది అడిగేశాను.

"నాకు మీరంటే చాలా ఇష్టం. ఫైల్లో రాసిన ఆవిడంటే ఇష్టం అనుకున్నాను. ఇప్పుడు చూస్తే ఈవిడంటే ఇంకా ఎక్కువగా ఉంది. మీకు నేను కాలక్షేపమైతే చెప్పేయండి, వెళ్ళిపోతాను."

"మీకు కోపం ముక్కు మీదే ఉంటుందా?" అంది ఆవిడ. "ఒక్క ఆదివారం రాకపోతే దేశం వదిలి పోతారా? ఒక్క వారం ఆగలేరా? నేను బుధవారం కోసం, సారీ, శనివారం కోసం..."

ఫోన్ మోగింది. తెర చూసి, "అమ్మ. శనివారం ఈ టైముకి చేస్తుంది," అంటూ ఎత్తింది. "అమ్మా... లేదు, ఏడవట్లేదు... జలుబు... ఊహూ, ఫైలు రాలేదు. ఆయనే వచ్చాడు... అవును, ఇక్కడే. ఎదురుగానే ఉన్నాడు... ఏం సంతోషం? ఆరు వారాల్లో వెళ్ళిపోతాడట."

అవతల ఏదో గట్టిగా వినిపించింది. ఆవిడ బెదిరిపోయి, ఫోన్ నా చేతిలో పెట్టింది.

"నమస్కారమండీ," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"పధ్నాలుగో నంబరు బాబువేనా?" అందొక ఆడగొంతు. వెనక ఎవరో మగమనిషి, "ఎవరూ, పధ్నాలుగా? స్పీకర్లో పెట్టు, స్పీకర్లో పెట్టు," అంటున్నాడు. "ఉండండి మీరు, నన్ను మాట్లాడనివ్వండి," అని ఆయన్ని కసిరింది ఆవిడ. "బాబూ, జ్వరం తగ్గిందా? పళ్ళెం కింద గుడ్డ వేశావా?"

నేను చూడని ఒక ఇంట్లో, నాకు తెలియని ఇద్దరు మనుషులకి నా పళ్ళెం సంగతి తెలుసు. ఎవరూ నాతో మాట్లాడటం లేదని నేను ఏడుస్తున్న ఆ నాలుగు నెలలూ, ప్రతి శనివారం, ఒక ఇల్లంతా నా గురించే మాట్లాడుకుంది.

"వేశానండీ," అన్నాను.

"అది అక్కడికి వెళ్ళాక ఏడాది పాటు ఫోన్లో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసేది బాబూ. నువ్వు రాయడం మొదలెట్టాకే అరగంట మాట్లాడుతోంది. నువ్వు రాసినవన్నీ చదివి వినిపిస్తుంది. ఈయన రెండోసారి చదవమంటాడు. వెళ్ళిపోయేవాడివైతే ఎందుకు రాశావు బాబూ?"

ఎదురుగా ఆవిడ స్వెటరు చేతులు అరచేతుల్లోకి లాక్కుని, నా మొహంకేసే చూస్తోంది. తల్లి ఏమందో ఆమెకి వినపడలేదు. నా మొహంలో వెతుక్కుంటోంది.

ఫారం హెడ్డాఫీసులో ఉంది. వాళ్ళు వెనక్కిస్తారో లేదో తెలియదు. ఇవ్వకపోతే ఇంకో స్కూలు వెతకాలి, వీసా కాగితాలు చూసుకోవాలి. సోమవారం పొద్దున్నే వెళ్ళి ఎవరెవరి కాళ్ళు పట్టుకోవాలో ఏమిటో.

"వెళ్ళనండీ," అన్నాను.